గ్రావిటీ తగ్గితే గాబరా ఎందుకు?

బీరు తయారీ పుస్తకంలో రసం గ్రావిటీ 1.050 అని ఉంది. మీ హైడ్రోమీటరు 1.041 చూపిస్తోంది. నాలుగు కిలోల మాల్టు, పూటంతా పొయ్యి దగ్గర చాకిరీ, వంటగది తిరిగి ఎప్పుడు ఖాళీ చేస్తావంటూ ఇంట్లోవాళ్ల సణుగుడు. ఇంత అయ్యాక తొమ్మిది పాయింట్లు తక్కువ కనిపిస్తే ఎవరికైనా ఉసూరుమంటుంది. డబ్బాలోని మాల్ట్ పాకం కలపడం వేరు. గింజ దగ్గర మొదలుపెట్టి, మరపట్టించి, వేడినీళ్లలో నానబెట్టి, వడకట్టి రసం తీయడం వేరు. ఈ రెండో దారిలో మొదటిసారి నడిచేవాళ్లు కొలత దగ్గరకు రాగానే తడబడతారు.

అందులోనూ హైదరాబాద్‌లో దిల్‌సుఖ్‌నగర్ చుట్టుపక్కల పెరిగినవాళ్లకు ఈ బెంగ ఇంకాస్త ఎక్కువ. చైతన్యపురి నుంచి కొత్తపేట దాకా కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీల మీద ర్యాంకులు చదువుతూ బస్సెక్కినవాళ్లకు శాతం అంటే మార్కే. 75 శాతం వచ్చిందంటే పాతిక మార్కులు పోయినట్టే, ఎవడికో 85 వచ్చిందంటే తాము వెనకబడినట్టే. గంజులోని రసానికి ఈ లెక్క వర్తించదు. ఇక్కడ శాతమంటే మాల్టు నుంచి రాగలిగిన చక్కెరలో ఎంత రసంలోకి వచ్చిందన్న లెక్క, మీకెవరో వేసిన మార్కు కాదు. మీ గంజు, మీ నీళ్లు, మీ మర, మీ జల్లెడ కలిసి ఎలా పనిచేశాయో చెప్పే వర్ణన మాత్రమే. అది 68 అయినా, 80 అయినా రసం రసమే. అసలు ఆ అంకె ఎలా పుడుతుందో, దాన్ని ఎంతవరకు నమ్మొచ్చో తెలిస్తే గాబరా దానంతటదే తగ్గుతుంది.

ముందు చట్టం మాట

తెలంగాణలో లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు కాయడం నేరం. 1968 నాటి ఎక్సైజ్ చట్టం మత్తు పానీయం ఏదైనా లైసెన్సు ఉన్నచోటే తయారుచేయాలంటుంది. నగరంలోని మైక్రోబ్రూవరీలు అలాంటి లైసెన్సులతోనే నడుస్తున్నాయి. ఎల్బీనగర్‌లోని మీ వంటింటికి ఆ వెసులుబాటు లేదు.

పరిస్థితి అన్నిచోట్లా ఇలాగే లేదు. బ్రిటన్ 1963లో ఇంటి బీరుకు లైసెన్సు అక్కర్లేదంది. అమెరికాలో 1978లో ప్రెసిడెంట్ కార్టర్ సంతకం చేసిన చట్టం ఇంట్లో వాడుకోవడానికి చేసుకునే బీరును పన్ను నుంచి తప్పించింది. ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్లు, అంటే సుమారు 757 లీటర్లు హద్దు. అక్కడి రాష్ట్రాలన్నీ ఒప్పుకునేసరికి 2013 వచ్చింది. దిల్‌సుఖ్‌నగర్‌లో చదువుకుని డాలస్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడినవాళ్లకు గ్యారేజీలో ఈ ప్రయోగం చేసుకునే వీలుందన్నమాట.

అందుకని ఈ అధ్యాయాన్ని ఒక గీత దగ్గర విడగొట్టాం. ఈస్ట్ వేయకముందు ఉన్నది మత్తు లేని తీపి మాల్ట్ రసం. బీరు కాసేవాళ్లు దాన్ని వోర్ట్ అంటారు. దాన్ని మరిగించి తాగొచ్చు, చిక్కబెట్టి పాకం చేసుకోవచ్చు, పాలలో కలపొచ్చు. హైదరాబాద్ పాఠకులు అక్కడే ఆగాలి. కొలతల్లో వచ్చే చిక్కుల్లో ముప్పాతిక భాగం ఆ గీతకు ఇవతలే ఉన్నాయి కాబట్టి నేర్చుకోవడానికి లోటేమీ ఉండదు.

గంజులో జరిగేది

బార్లీ గింజ మొలకెత్తేటప్పుడు తనలోని పిండిపదార్థాన్ని చక్కెరగా విడగొట్టుకునే ఎంజైములను తయారుచేసుకుంటుంది. మొలక కాస్త రాగానే ఆరబెట్టి, సన్నటి సెగన వేడిచేసి ఆపేస్తే అదే మాల్టు. దాన్ని రవ్వగా పట్టించి 65 నుంచి 67 డిగ్రీల వేడినీళ్లలో గంటసేపు ఉంచితే ఆగిపోయిన ఎంజైములు మళ్లీ పనిలోకి దిగుతాయి. పొడవాటి పిండి గొలుసులను ఆల్ఫా అమైలేజ్ మధ్యలో ఎక్కడపడితే అక్కడ తెంపుతుంది. బీటా అమైలేజ్ చివర్ల నుంచి రెండేసి గ్లూకోజు ముక్కల చొప్పున కోసి మాల్టోజు చేస్తుంది. 1833లో ఫ్రాన్స్‌లో పాయెన్, పెర్సో అనే రసాయనవేత్తలు మాల్టు నుంచే ఈ పదార్థాన్ని వేరుచేసి డయాస్టేజ్ అన్నారు. మనిషి వేరుచేయగలిగిన మొదటి ఎంజైము అదే.

తెలుగునేలకు ఈ పని కొత్త కాదు. ధవళేశ్వరంలోని హార్లిక్స్ ఫ్యాక్టరీలో జరిగేది మూలంలో ఇదే. గోధుమపిండి, బార్లీ మాల్టు వేడినీళ్లలో కలిపి, పిండి చక్కెరగా మారాక పాలు చేర్చి, నీరంతా ఇంకించి పొడి చేస్తారు. చంటిపిల్లలకు పెట్టే మొలకరాగుల జావ పల్చగా, తియ్యగా ఉండటానికీ అమైలేజే కారణం.

పిండి మొత్తం మారిందో లేదో చూడటానికి అయొడిన్ ఉంది. తెల్లటి సాసరులో అరచెంచా రసం పోసి, మెడికల్ షాపులో దొరికే టింక్చర్ అయొడిన్ ఒక్క చుక్క అంచున వేయండి. మొదటి పది నిమిషాల్లో తీసిన రసమైతే చుక్క పడ్డచోట నల్లటి నీలం విచ్చుకుంటుంది. గంట తర్వాత అదే చుక్క తేనెరంగులోనే నిలిచిపోతుంది. ఇక్కడే కొత్తవాళ్లు ఒక్కసారి ఉలిక్కిపడతారు. రసమంతా తేనెరంగులో ఉన్నా సాసరులో రెండుమూడు నల్లటి నలుసులు కనిపిస్తాయి. అవి పొట్టు తునకలు, రవ్వ పలుకులు. వాటికి అయొడిన్ అంటుకుని నల్లబడటం మామూలే. చూడాల్సింది చుట్టూ ఉన్న ద్రవం రంగును. సాసరు ముట్టిన రసాన్ని మాత్రం తిరిగి గంజులో పోయకండి.

చక్కెర తగ్గిందా, నీళ్లు పెరిగాయా?

ఇప్పుడు ఆ 1.041 సంగతి. గ్రావిటీ అంటే నీటితో పోలిస్తే రసం ఎంత బరువో చెప్పే నిష్పత్తి. లీటరు నీళ్లు కిలో తూగితే ఈ రసం లీటరుకు 1,041 గ్రాములు. చివరి 41ని పాయింట్లు అందాం. పాయింట్లు చెప్పేది చిక్కదనాన్ని, మొత్తం చక్కెరను కాదు. మొత్తం తెలియాలంటే లీటర్లతో హెచ్చవేయాలి.

మీ గంజులో వడకట్టిన రసం 22 లీటర్లు. 22ను 41తో హెచ్చవేస్తే 902. పుస్తకంలోని 1.050 ఏ దశలోది? గంటసేపు మరిగించి నీరు ఇంకాక 18 లీటర్లు మిగిలినప్పటిది. 18ని 50తో హెచ్చవేస్తే 900. చక్కెర రెండుచోట్లా ఒక్కటే! మీరు మరిగించకముందు తీసిన కొలతను పుస్తకంలో మరిగించాక ఉన్న కొలతతో పోల్చారు. అంతే తేడా. వెడల్పు గంజులో గంటకు మూడు, నాలుగు లీటర్ల ఆవిరి పోతుంది. నాలుగు లీటర్లు పోయాక చూడండి, హైడ్రోమీటరు 1.050 దగ్గరే నిలుస్తుంది.

గ్రావిటీ తక్కువొచ్చిందనిపించిన ప్రతిసారీ మొదటి ప్రశ్న ఇదే కావాలి: ఎన్ని లీటర్లలో? లీటర్లు లేని గ్రావిటీ సగం కొలతే. లీటర్ల దగ్గర ఇంకో మతలబు ఉంది. మరుగుతున్న రసం చల్లారితే సుమారు 4 శాతం ముడుచుకుంటుంది. పొయ్యి మీద 22 గీత దగ్గరున్నది చల్లారాక 21 పైచిలుకే. వేడి మీద లీటర్లు, చల్లారాక గ్రావిటీ చూసి రెంటినీ హెచ్చవేస్తే లేని చక్కెర లెక్కలోకి వస్తుంది. రెండూ ఒకే స్థితిలో కొలవండి, లేదా వేడి లీటర్ల నుంచి నూటికి నాలుగు తగ్గించండి.

గొట్టం చెప్పే మాట

హైడ్రోమీటరు గాజు గొట్టం. అడుగున సీసపు గుండ్లు, మెడలో కాగితపు స్కేలు. ద్రవం ఎంత బరువైతే అంత పైకి తేలుతుంది. పాలకేంద్రాల్లో వాడే లాక్టోమీటరు ఇదే పరికరం. స్కేలు మాత్రం పాలకు సరిపడా చిన్నది. లాక్టోమీటరు మీద 30 అంటే 1.030 అని అర్థం. హయత్‌నగర్ దగ్గరి మదర్ డెయిరీకి పాలు పోసే పల్లెల్లో ఈ అంకెలు కొత్త కాదు. అయితే లాక్టోమీటరు 40 దాటితే పెద్దగా పనికిరాదు, మాల్ట్ రసానికి 1.100 దాకా ఉన్న హైడ్రోమీటరే కావాలి.

ఈ గొట్టం చెప్పే మాటకు ఒక షరతు ఉంటుంది. స్కేలు పక్కన సన్నటి అక్షరాల్లో 20 డిగ్రీలు అనో, 15.5 డిగ్రీలు అనో రాసి ఉంటుంది. ఆ వేడిమి దగ్గర మాత్రమే అది చెప్పేది నిజం. మే నెలలో ఎల్బీనగర్ మేడ మీది గదిలో మామూలు నీళ్లే 35 డిగ్రీలుంటాయి. 20 డిగ్రీల హైడ్రోమీటరును ఆ నీళ్లలో వేస్తే 1.000 బదులు 0.996 చూపిస్తుంది. పరికరం చెడిపోలేదు, నీళ్లు పల్చబడ్డాయి. అదే లెక్కన 35 డిగ్రీల రసంలో 4 పాయింట్లు, 40 డిగ్రీల్లో 6, 60 డిగ్రీల్లో ఏకంగా 15 పాయింట్లు తక్కువ కనిపిస్తాయి. గంజులోంచి తీసిన వేడి రసాన్ని వెంటనే కొలిచినవాళ్లు 1.026 చూసి హడలిపోతే అందులో వింతేముంది?

కొలిచే పద్ధతి ఇది. గంజును అడుగంటా గరిటెతో బాగా తిప్పండి. చక్కెర నీళ్లు అడుగుకు, కడిగిన పల్చటి నీళ్లు పైకి చేరి ఉంటాయి. పైపైన ముంచుకుంటే తక్కువ, కుళాయిలోంచి పట్టుకుంటే ఎక్కువ వస్తుంది. స్టీలు గ్లాసులో రసం తీసి, మూతపెట్టి, చన్నీళ్ల గిన్నెలో ఉంచండి. మూత లేకపోతే ఆవిరి పోయి నమూనా చిక్కబడుతుంది. చల్లారాక పొడవాటి జార్‌లో పోసి, హైడ్రోమీటరును మెడ పట్టుకుని వదిలేటప్పుడు వేళ్లతో ఒక్క తిప్పు తిప్పండి. గాజుకు అంటిన బుడగలు ఊడిపోతాయి. ఒక్క బుడగ చాలు, గొట్టాన్ని ఒకట్రెండు పాయింట్లు పైకి లేపడానికి. గోడకు ఆనకుండా నిలిచాక కళ్లు ద్రవం మట్టానికి దించి చూడండి. మెడ చుట్టూ ద్రవం కొద్దిగా పైకి ఎగబాకి ఉంటుంది. ఆ ఎగబాకిన అంచును కాక, చదునుగా ఉన్న మట్టం ఏ గీతను తాకుతోందో అది రాసుకోండి.

పండ్ల వ్యాపారులు మామిడి, బత్తాయి తీపి చూసే రిఫ్రాక్టోమీటరు కూడా పనికొస్తుంది. కొత్తపేటలో ఏళ్ల తరబడి నడిచి 2021లో బాటసింగారం తరలిపోయిన గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ తెలిసినవాళ్లు బ్రిక్స్ అనే మాట వినే ఉంటారు. రెండు చుక్కల రసం చాలు, అది వెంటనే చల్లారుతుంది. 10.2 బ్రిక్స్ అంటే ఇంచుమించు 1.041, 12.4 అంటే 1.050. నాలుగుతో హెచ్చవేస్తే పాయింట్లు దాదాపుగా వస్తాయి.

మిగతా పావు ఎటు పోయింది?

నాలుగు కిలోల మంచి బార్లీ మాల్టులోంచి ప్రయోగశాలలో పిండగలిగినంతా పిండితే కిలోకు సుమారు 300 చొప్పున 1,200 వస్తుంది. మీకొచ్చింది 902, అంటే 75 శాతం. మిగతా 298 ఎక్కడుందో వెతుకుదాం.

గంజులో మీరు 26 లీటర్ల నీళ్లు పోశారు, 22 బయటికి వచ్చాయి. నాలుగు లీటర్లు గింజలోనే ఉండిపోయాయి. కిలో గింజ దాదాపు లీటరు పట్టి ఉంచుకుంటుంది. ఆ నాలుగు లీటర్లూ ఉత్త నీళ్లు కావు, అదే 1.041 రసం. నాలుగును 41తో హెచ్చవేస్తే 164. మొత్తంలో అది 14 శాతం. అంటే ఎంజైములు చక్కెరగా మార్చింది 1,066, దాదాపు 89 శాతం. మారకుండా మిగిలింది రవ్వలో పెద్ద పలుకుల నడిమి భాగం మాత్రమే. ఏదీ మాయం కాలేదు. వడకట్టిన గింజ మీద వేడినీళ్లు రెండు విడతలుగా పోసి కడిగితే ఆ 14లో సగం పైగా తిరిగి దక్కుతుంది. కడిగే ఓపిక లేకపోతే పావుకిలో మాల్టు అదనంగా వేసుకోవచ్చు. ఫ్యాక్టరీకి ఒక్క శాతం కూడా డబ్బే కాబట్టి అక్కడ పట్టుదల ఉంటుంది. ఇంట్లో ఆ పిప్పి గేదెకు వేసినా, ఎండబెట్టి రొట్టెపిండిలో కలిపినా నష్టం లేదు.

ఎవరో 85 అన్నారని పోల్చుకునే ముందు ఇంకొకటి గమనించాలి. ఆ శాతం ఎక్కడ కొలిచింది? మీ 18 లీటర్లలో రెండు లీటర్లు మడ్డితో అడుగున వదిలేసి 16 తీసుకుంటే 800, అంటే 67 శాతం. అదే గంజు, అదే రసం. ఒకచోట కొలిస్తే 75, ఇంకోచోట 67, గింజ లోపలి మార్పు వరకే లెక్కిస్తే 89. మూడూ నిజమే. పక్కవాడు ఏ గట్టు మీద నిలబడి చెబుతున్నాడో తెలియకుండా పోల్చుకోవడంలో అర్థం లేదు.

75 అంటే 72 నుంచి 78 దాకా

ఇక అంకె మీద ఎంత నమ్మకం ఉంచాలన్న ప్రశ్న. గంజు మీద లీటర్ల గీత అరలీటరు అటూఇటూ ఉంటుంది, అంటే 22లో 2 శాతం పైన. హైడ్రోమీటరు ఒక పాయింటు అటూఇటూ, 41లో అదీ 2 శాతం పైనే. వంటింటి త్రాసు నాలుగు కిలోల్లో 50 గ్రాములు తప్పినా శాతం పైచిలుకు. ఇవన్నీ ఒకే దిక్కుకు తప్పవు కాబట్టి నేరుగా కూడకుండా, వర్గాలు కూడి వర్గమూలం తీస్తారు. అలా చేస్తే మూడున్నర శాతం చిల్లర వస్తుంది. 75లో మూడున్నర శాతమంటే రెండున్నర, మూడు. మీ 75 నిజానికి 72కూ 78కీ మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. పోయినసారి 77, ఈసారి 73 వచ్చిందని చింతిస్తే కొలతలోని వణుకును చూసి చింతించినట్టే.

పెద్ద బ్రూవరీలకూ ఇదే తలనొప్పి ఉండేది. డబ్లిన్‌లోని గిన్నిస్ కంపెనీలో పనిచేసిన విలియం గోసెట్ ముందున్న చిక్కుల్లో మాల్టు నుంచి వచ్చే రసం కొలత ఒకటి. ఒకే మాల్టును పదేపదే పరీక్షిస్తే ఫలితం అటూఇటూ ఊగుతోంది. ఎన్నిసార్లు చూస్తే సగటును నమ్మొచ్చు? ఇలాంటి ప్రశ్నల నుంచే ఆయన 1908లో స్టూడెంట్ అనే మారుపేరుతో వ్యాసం రాశారు. చిన్న నమూనాల గణాంకశాస్త్రం అక్కడ మొదలైంది. ఈనాటికీ డిగ్రీ విద్యార్థులు చదివే టీ-పరీక్ష అదే. ఆ తర్వాత 1945లో మన సి.ఆర్. రావు ఇంకో మెట్టు ఎక్కి, చేతిలో ఉన్న సమాచారంతో సాధించగల కచ్చితత్వానికే ఒక హద్దు ఉంటుందని, ఎంత తెలివైన సూత్రం వాడినా దాన్ని దాటలేమని నిరూపించారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన ఆయన పేరిట గచ్చిబౌలిలో పరిశోధనా సంస్థ ఉంది. ఒక్క రోజున, ఒక్క గంజులో తీసిన ఒక్క కొలత మీద తీర్పు చెప్పకూడదనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

కొలత వల్ల లాభం లేదని కాదు. 1784లో జాన్ రిచర్డ్‌సన్ అనే ఇంగ్లండు బ్రూవరు హైడ్రోమీటరు ఎలా వాడాలో పుస్తకం వేశారు. అప్పటిదాకా నల్లటి పోర్టర్ బీరుకు చవకైన గోధుమరంగు మాల్టే వాడేవారు. కొలిచి చూస్తే, ఖరీదైన తెల్ల మాల్టు నుంచి వచ్చే చక్కెర ఎంతో ఎక్కువని, లెక్కన అదే చవకని తేలింది. దాంతో పోర్టర్ తయారీయే మారిపోయింది. రిచర్డ్‌సన్ చేసింది రెండు మాల్టులను ఒకే పద్ధతిలో పక్కపక్కన కొలవడం. హైడ్రోమీటరు అసలు ఉపయోగం అలాంటి పోలికలోనే ఉంది.

నిజంగానే తక్కువైతే

లీటర్లు సరిచూశాక, వేడిమి సవరించాక, బాగా కలిపి కొలిచాక కూడా 60కి దిగువనే ఉందనుకోండి. అప్పుడు కారణం వెతకడం సబబు. అనుమానించాల్సిన వరుస ఇది.

మొదటిది మర. గిర్నీలో మామూలుగా ఇస్తే మెత్తటి పిండి చేసి పెడతారు. అది వడకట్టే గుడ్డలో బంకలా పట్టేసి చుక్క దిగదు. భయపడి మరీ బరకగా పట్టిస్తే సగం గింజలు చిట్లకుండానే వస్తాయి. గోధుమ రవ్వంత పలుకు, పొట్టు మాత్రం చిరగకుండా ఉండేలా రాళ్ల ఎడం పెట్టమనండి. పిడికెడు తీసి చూస్తే చిట్లని గింజ ఒక్కటీ కనపడకూడదు.

రెండోది గింజ. కిరాణా కొట్లో దొరికే తెల్లటి బార్లీ పొట్టు తీసి పాలిష్ పట్టినది. అది మొలకెత్తదు, దాంట్లో ఎంజైములు ఉండవు. ఇంట్లో మొలకెత్తించిన జొన్న, రాగులతో చేస్తుంటే కిలోకు 300 అనే లెక్కే వర్తించదు. పైగా జొన్న పిండి ఉడికి విచ్చుకోవడానికి బార్లీ కన్నా ఎక్కువ వేడి కావాలి. 65 డిగ్రీల దగ్గర ఉంచితే చాలా పిండి మూసుకునే ఉంటుంది, అయొడిన్ నల్లబడుతూనే ఉంటుంది. అది మీ చేతి లోపం కాదు, గింజ స్వభావం. జొన్న జావను విడిగా ఉడికించి, చల్లార్చి, తర్వాత మాల్టు కలిపితే దారికొస్తుంది.

మూడోది థర్మామీటరు. దాన్ని సరిచూద్దామని మరిగే నీళ్లలో పెడితే 98 చూపించి కొత్తవాళ్లను కంగారుపెడుతుంది. సముద్రమట్టానికి 500 మీటర్ల పైనున్న మన నగరంలో నీళ్లు మరిగేదే 98 డిగ్రీలు దాటీదాటగానే. థర్మామీటరు నిజమే చెప్పింది. గంజు అంచున 63, నడుమ 69 ఉండటం కూడా మామూలే, తిప్పి చూడండి.

నాలుగోది నీళ్లు. 2004లో నాగార్జునసాగర్ నుంచి కృష్ణా నీళ్లు సాహెబ్‌నగర్ దాకా వచ్చాక తూర్పు హైదరాబాద్‌కు కుళాయి నీళ్ల తీరు మారింది. అపార్టుమెంట్లలో బోరు నీళ్ల వాడకం మాత్రం పోలేదు. గీజరులో, నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లటి పొలుసు కడుతోందంటే ఆ నీళ్లలో బైకార్బొనేట్లు ఎక్కువ. అవి గంజులోని పుల్లదనాన్ని చంపేస్తాయి. ఎంజైములకు నచ్చే పీహెచ్ 5.2 నుంచి 5.6. అది 6 దగ్గరికి పోతే పని మందగిస్తుంది. కృష్ణా నీళ్లు వాడటం, లేదా బోరు నీళ్లలో సగం ఆర్వో నీళ్లు కలపడం తేలికైన మందు.

ఈస్ట్ వేశాక

ఇది గీతకు అవతల ఉన్నవాళ్ల కోసం. పులిసే రోజుల్లో రిఫ్రాక్టోమీటరు 6 బ్రిక్స్ దగ్గర ఆగిపోయి కదలకపోతే ఈస్ట్ చచ్చిపోయిందని అనుకోకండి. ఆల్కహాలు వెలుతురును నీటికన్నా ఎక్కువ వంచుతుంది కాబట్టి ఆ పరికరం చక్కెర లేనిచోట కూడా ఉన్నట్టు చూపుతుంది. 1.050తో మొదలైన రసంలో ఆ 6కు అసలు గ్రావిటీ 1.010 దరిదాపుల్లో ఉంటుంది. అంటే పని పూర్తయినట్టే. ఈ దశలో హైడ్రోమీటరునే నమ్మండి. గ్యాసు బుడగలు పోయేలా నమూనాను రెండు గ్లాసుల్లో అటూఇటూ తిరగబోసి కొలవండి. రెండుమూడు రోజుల ఎడంలో రెండుసార్లు చూసినా అంకె మారకపోతేనే సీసాలకెత్తాలి. ఇక్కడ మాత్రం తొందరపడితే ముప్పే, మిగిలిన చక్కెర మూత బిగించాక పులిస్తే సీసా పగులుతుంది. ఆల్కహాలు శాతానికి రెండు గ్రావిటీల తేడాను 131తో హెచ్చవేస్తారు. 0.040 తేడాకు సుమారు 5.2. ఒక పాయింటు తప్పు చదివితే మారేది 0.13 మాత్రమే.

నోటుబుక్కులో ఏం రాయాలి

ప్రతిసారీ ఏడు సంగతులు రాసుకుంటే చాలు: మాల్టు బరువు, పోసిన నీళ్లు, అవి ఎక్కడివో, గంజు నడుమ వేడిమి, మరిగించకముందు లీటర్లూ గ్రావిటీ, మరిగించాక లీటర్లూ గ్రావిటీ, కొలిచేటప్పుడు నమూనా వేడిమి. రెండో గంజుకు ఏదీ మార్చకండి. శాతం మూడు వరకు పెరిగినా తగ్గినా పట్టించుకోకండి. మూడోసారి కూడా అదే తీరులో వస్తే మీ వంటింటి శాతం ఎంతో తెలిసిపోయింది. అది 70 అనుకుందాం. ఇకమీద పుస్తకంలో 75 లెక్కన నాలుగు కిలోలు రాసి ఉంటే మీరు 4 కిలోల 300 గ్రాములు వేసుకుంటారు, 1.050 వచ్చి తీరుతుంది. మర మార్చాలన్నా, గింజను కడిగి చూడాలన్నా అప్పుడు మార్చండి, అదీ ఒకసారికి ఒక్కటే.